మన గోదావరి మంచుకి మొక్కలకి దుప్పటి కప్పాలా?

ముందు ఆ ప్లాస్టిక్ పట్టా తీసెయ్యండి అమ్మా. ఈ రాత్రికే తీసెయ్యండి. మిగతాది తీరిగ్గా చదువుకోవచ్చు, నాకు ఎలాగూ క్లుప్తంగా చెప్పడం రాదు.

మీరు రాసింది నాకు అర్థమైనంతవరకూ ఇదీ. రావులపాలెంలో డాబా మీద 60 కుండీలు. డల్లాస్‌లో ఉన్న మీ చెల్లెలు వీడియో కాల్‌లో మొక్కలన్నిటికీ దుప్పట్లు కప్పి చూపించి "మొదటి ఫ్రాస్ట్ వస్తోంది అక్కా" అంది, అదే రోజు టీవీలో లంబసింగిలో గడ్డి మీద నీటిబొట్లు గడ్డకట్టాయని చూపించారు, మన దగ్గర కూడా పొద్దున్నే మంచు దట్టంగా పడుతోంది కదా అని మీరు సాయంత్రం అన్నిటికీ నీళ్ళు పోసి, పైన ప్లాస్టిక్ పట్టా పరిచి, అంచులకి ఇటుకలు పెట్టారు. పది రోజులకి టమాటా కింది ఆకుల మీద నల్లమచ్చలు, బీరపాదుకి పసుపు మచ్చలు, కరివేపాకు పాలిపోయింది, మల్లె ఆకు రాల్చేస్తోంది. "కప్పినా చలి తగిలేసింది, రెండు పట్టాలు వెయ్యాలా?" అని అడిగారు.

తగిలింది చలి కాదండి, తడి.

ఇందులో మీ తప్పు కన్నా మన మాటది ఎక్కువ తప్పు. గడ్డికొన మీద నీటిబొట్టునీ మంచే అంటాం, పొద్దున్న ఏడింటికి హైవే మీద ఎదురుగా లారీ కనపడకుండా కమ్మేసేదాన్నీ మంచే అంటాం, హిమాలయాల్లో పడేదీ మంచే, డల్లాస్‌లో ఆకు మీద ఉప్పు చల్లినట్టు తెల్లగా పేరుకునేదీ మంచే. ఆఖరికి మామిడిపూత పీల్చేసే పురుగుని కూడా తేనెమంచు పురుగు అంటాం, దానికీ చలికీ చుట్టరికమే లేదు, అది విసర్జించే జిగురు వల్ల వచ్చింది ఆ పేరు. ఇన్నిటికీ ఒకటే మాట అయ్యేసరికి ఒకదానికి చెయ్యాల్సిన వైద్యం ఇంకోదానికి చేసేస్తాం.

మీ చెల్లెలు చేసింది అక్కడికి కరెక్టే. ఫ్రాస్ట్ అంటే ఆకు మీద తేమ గడ్డకట్టడం, అంటే ఆకు సున్నా డిగ్రీల కిందకి దిగిందన్నమాట. ఇందులో ఒక మెలిక ఉంది, వాతావరణం వాళ్ళు చెప్పే లెక్క దాదాపు మనిషి ఎత్తులో గాలిది, మబ్బు లేకుండా గాలి ఆడకుండా ఉన్న రాత్రి ఆకు తన వేడిని ఆకాశానికి వదిలేసి చుట్టూ గాలి కంటే చల్లబడిపోతుంది, అందుకని గాలి 3, 4 డిగ్రీలు ఉందని చెప్పినా నేల దగ్గర గడ్డ కట్టొచ్చు. ఆకు లోపల నీరు గడ్డకట్టి కణాల పొరలు పాడైపోతాయి, ఎండ రాగానే ఆకు ఉడకేసిన తోటకూరలా నల్లగా వాలిపోతుంది. అక్కడ దుప్పటి ఎందుకంటే, మనిషికి కప్పినట్టు కాదండి, మనిషి ఒంట్లో వేడి ఉంటుంది, మొక్కలో ఉండదు, వేడంతా పగలంతా ఎండ తాగిన నేలది. ఆ వేడి పైకి పోకుండా పట్టుకోడానికి కప్పుతారు. అందుకే దుప్పటి అంచు నేల దాకా దిగాలి, మొక్క తలకి మూటలా కట్టేస్తే దండగ, ప్లాస్టిక్ అయితే ఆకుకి ఆనిన చోటల్లా మాడ్చేస్తుంది కనక గుడ్డే వాడాలి, పొద్దున్నే తీసెయ్యాలి. నేల ముందురోజే తడిపి ఉంచితే పొడినేల కంటే ఎక్కువ వేడి పట్టుకుంటుంది. మీరు సాయంత్రం నీళ్ళు పోసింది కూడా అక్కడ విన్న మాటే అయ్యుంటుంది.

ఇప్పుడు మన సంగతి. మనం 16, 17 డిగ్రీల అక్షాంశం దగ్గర, సముద్రం పక్కన ఉన్నాం. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన దగ్గర్నుంచి ఎటు చూసినా కాలవ, కాలవ దాటితే చేను, ఇప్పుడైతే చెరువులు కూడానూ. గాల్లో అంత తేమ. డిసెంబరు, జనవరిల్లో మనకి రాత్రి 17, 18 డిగ్రీలు, బాబోయ్ చలి అనుకుంటే 14, 15. మఫ్లర్లు మనకి కావాలి, మన మొక్కలకి కాదు. ఇంకో విషయం చెప్తే మీకు నవ్వొస్తుంది, మీరు భయపడ్డ ఆ మంచే మొక్కల్ని కాపాడుతోంది. ఆవిరి నీటిబొట్టుగా మారేటప్పుడు లోపల దాచుకున్న వేడిని వదుల్తుంది, ఇడ్లీ పాత్ర మూత తీసినప్పుడు ఆవిరి తగిలి చెయ్యి చురుక్కుమంటుంది చూడండి, అదే వేడి. రాత్రి చల్లబడుతూ వచ్చి మంచు దిగడం మొదలవ్వగానే ఆ వేడి అడ్డుపడి చలి ఇంక గబగబా పెరగదు. లంబసింగి సంగతి వేరు, అది వెయ్యి మీటర్ల ఎత్తు మన్యం, చుట్టూ కొండలు, చల్లగాలి బరువెక్కి కిందకి జారి లోయలో కూర్చుంటుంది. అక్కడి వార్త చూసి రావులపాలెంలో పట్టా కప్పడం, కాశ్మీరులో వర్షం పడిందని ఇక్కడ గొడుగు వేసుకోవడం లాంటిది.

ప్లాస్టిక్ కప్పడం అసలు ఎక్కడా లేదా అంటే ఉందండి. తెలంగాణలో యాసంగి వరి నారుమళ్ళకి బాగా చలి ఉన్నప్పుడు కర్రలు వంచి గూడులా చేసి సాయంత్రం పాలిథిన్ కప్పుతారు, పొద్దున్నే తీసేస్తారు, నారు ఎర్రబడకుండా ఎదుగుతుంది. ఆ వీడియోలే మీ ఫోన్లో కూడా తిరిగుంటాయి. మన దాళ్వా (రెండో పంట వరి) నారుకి కూడా చలి ఎక్కువైన ఏడు రాత్రి చల్లబడ్డ నీళ్ళు పొద్దున్న తీసేసి కొత్తనీరు పెడతారు. అది నీళ్ళలో నిలబడి బతికే పంట అమ్మా, టమాటా కాదు.

మీ డాబా మీద జరిగింది చెప్తాను. సాయంత్రం కుండీలు తడిపారు, పైన మూత వేశారు. కుండీల్లోని కొబ్బరిపొట్టులోంచి ఆవిరి లేచి పట్టాకి అంటుకుని మళ్ళీ ఆకుల మీదే బొట్లుబొట్లుగా రాలింది. విడిగా ఉంటే రాత్రి పడ్డ మంచు ఎనిమిదిన్నర, తొమ్మిదింటికి ఆరిపోయేది, మీ పట్టా కింద సాయంత్రం ఆరు నుంచి మర్నాడు మీరు తీసేదాకా, అంటే 14 గంటలు ఆకు తడి. శిలీంద్రానికి అంతకన్నా ఏం కావాలి. బీర ఆకు మీద పసుపు మచ్చలు ఈనెలకి మధ్య గళ్ళుగళ్ళుగా ఉండి, పొద్దున్నే ఆకు తిరగేసి చూస్తే అడుగున బూడిదరంగు నూగు కనిపిస్తే అది బూజు తెగులు. దీనికి ఆకు తడే తిండి. టమాటా మచ్చల్లో గుండ్రంగా రింగులు రింగులుగా ఉంటే ఆకుమాడు తెగులు. రెండిటికీ మొదటి మందు కత్తెర. మచ్చ పడ్డ కింది ఆకులన్నీ, నేల నుంచి జానెడు ఎత్తు దాకా, ఎండెక్కాక తుంచి పారెయ్యండి, కంపోస్ట్ డబ్బాలో మాత్రం వెయ్యకండి. కర్ర పాతి మొక్కని లేపి కట్టండి, కుండీకీ కుండీకీ మధ్య మూరెడు ఖాళీ ఉంచండి. వారం చూసి ఆగకపోతే అప్పుడు కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీళ్ళకి 3 గ్రాములు, ఆకు అడుగు కూడా తడిసేలా కొట్టండి, డబ్బా మీద రాసినన్ని రోజులు ఆ కాయలు కొయ్యకండి. అందరూ ముందు మందు కొట్టి తర్వాత ఆకులు తుంచుతారు, డబ్బులు దండగ.

ఇంకోటి వస్తుంది, ఇప్పుడే చెప్పి ఉంచుతున్నాను. డిసెంబరు మధ్య నుంచి బెండకీ, పాదులకీ, రేగుకీ ఆకు మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు. బూజుకీ బూడిదకీ తేడా తెలియక చాలామంది ఒకే మందు కొడతారు. బూడిదకి ఆకు తడి అక్కర్లేదు, పగలు పొడి, రాత్రి చల్లదనం ఉంటే చాలు, ఎండ తగలని చోటే ముందు పడుతుంది. నీళ్ళలో కరిగే గంధకం లీటరుకి 3 గ్రాములు బెండకి బాగానే పని చేస్తుంది, పాదుజాతికి మాత్రం ఎండలో కొడితే ఆకు మాడుతుంది, సాయంత్రం కొంచెం పల్చగా ఒక ఆకు మీద కొట్టి రెండ్రోజులు చూసుకోండి.

నీళ్ళు. ఇక్కడే అందరం పోగొట్టుకుంటాం, నేను పోగొట్టుకున్నంత ఎవరూ పోగొట్టుకుని ఉండరు. కొత్తగా నర్సరీ పెట్టినప్పుడు, నాకు పాతికేళ్ళు, ఎడారి గులాబీలు 300 తెచ్చాను, అప్పట్లో అది పెద్ద పెట్టుబడి. ఎండాకాలంలో రోజూ పోసినట్టే మార్గశిరంలో కూడా రోజూ పోశాను. ఆకులు రాలుతుంటే దాహమేమో అని ఇంకొంచెం పోశాను. సంక్రాంతికి దుంప పట్టుకుంటే వేళ్ళు లోపలికి దిగిపోయాయి, కుళ్ళిన ముంజికాయలా. 300లో 40 మిగిలాయనుకుంటా. అది చలికి నిద్రపోయే మొక్క, నిద్రపోయేవాడి నోట్లో నీళ్ళు పోస్తే ఏమవుతుంది. ఇప్పుడు నా లెక్క ఒకటే, కుండీలో వేలు రెండు కణుపులు దింపి చూస్తాను, పొడిగా తగిల్తేనే నీళ్ళు, అది కూడా పొద్దున్న ఎనిమిది దాటాక, మొక్క మొదట్లోనే, ఆకుల మీద కాదు. మీది కొబ్బరిపొట్టు మిశ్రమం కాబట్టి పైన పొడిగా కనిపించి అడుగున నానుతూ ఉంటుంది, కుండీ ఎత్తి బరువు చూడటం అలవాటు చేసుకోండి. కడియం నర్సరీల నుంచి తెచ్చిన మొక్కలైతే వేరు చుట్టూ నల్ల బంకమట్టి ముద్ద ఉంటుంది చూడండి (మా వాళ్ళు దూరం పంపాలి కాబట్టి అలా కడతారు, నేనూ కట్టాను), ఆ ముద్ద చుట్టూ కొబ్బరిపొట్టు వేస్తే ముద్ద లోపల తడి వారమైనా ఆరదు. వాటికి ఇంకా తక్కువ పొయ్యాలి.

కరివేపాకు పాలిపోయింది అన్నారు కదా, అదీ ఇదే. చల్లటి తడి మట్టిలో వేరు పనిచెయ్యదు, తిండి ఉన్నా తీసుకోలేదు, అందుకే పసుపు. మీ వదినగారు యూరియా వెయ్యమన్నారని రాశారు, వద్దండి. పుల్లమజ్జిగ అంటారు ఇంకొందరు, ఎండాకాలంలో పోస్తే పొయ్యండి, ఇప్పుడు మాత్రం ఏమీ వద్దు. నీళ్ళు తగ్గించి ఎండలో పెట్టి మాఘం దాకా దాన్ని మర్చిపోండి, కొత్త చిగురు వచ్చాక పశువుల ఎరువు రెండు దోసిళ్ళు.

మల్లెకి ఏ రోగమూ లేదు. దానికి ఇది పడుకునే టైము. నిజానికి మనమే పడుకోబెట్టాలి, నీళ్ళు బాగా తగ్గించేసి, పుష్యంలో మోకాలెత్తుకి కత్తిరించి, మిగిలిన ఆకు కూడా దూసేసి, తర్వాత ఎరువు వేసి నీళ్ళు మొదలుపెడితే శివరాత్రి వెళ్ళాక మొగ్గ మీద మొగ్గ. జాలిపడి కొయ్యనివాళ్ళకి ఆకులే ఆకులు. ఈ చలిలో పువ్వులు కావాలంటే కాగడామల్లె పెట్టుకోండి, దానికి మన చలంటే ఇష్టం.

ఎండ గురించి ఒక్క మాట, ఇది ఎవరూ చెప్పరు. జూన్‌లో మధ్యాహ్నం సూర్యుడు మనకి నెత్తి మీద, ఇంకా కొంచెం ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరుకి దక్షిణానికి వాలిపోయి మధ్యాహ్నం కూడా నేల నుంచి 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే మీ డాబా దక్షిణం పిట్టగోడ మూడడుగులు ఉందనుకోండి, మిట్టమధ్యాహ్నం కూడా దాని నీడ రెండున్నర అడుగులు లోపలికి పడుతుంది, ఆ గోడ కింద వరసగా పెట్టిన కుండీలన్నీ రోజంతా నీడలోనే. వేసవిలో అదే చోటు మాడిపోయేది కాబట్టి మనకి అనుమానం రాదు. ఫోటోలో మీ టమాటాలు సరిగ్గా అక్కడే ఉన్నట్టున్నాయి. ఉత్తరం గోడ వైపు జరపండి, ఎండ ముఖం మీద కొడుతుంది, మంచు ముందు ఆరేది కూడా అక్కడే. పుష్యమాసంలో పూస గుచ్చేంత పొద్దు కూడా ఉండదంటారు కదా, జూన్‌లో 13 గంటల పగలు ఇప్పుడు 11 గంటల పైచిలుకు, ఉన్న ఆ ఎండ దొరకబుచ్చుకోవాలి.

ఆ పొద్దు తగ్గడమే కొన్నిటికి కబురు. చామంతికి రాత్రి పొడుగైతేనే మొగ్గ కడుతుంది. "ఆకు బానే ఉంది పూత రావట్లేదు" అని ఏటా ఇద్దరు ముగ్గురు అడుగుతారు, వెళ్ళి చూస్తే పక్కనే వీధిలైటో, డాబా మీద రాత్రంతా వెలిగే బల్బో ఉంటుంది. దానికి చీకటి పడలేదనుకుంటుంది పాపం. చీకటి మూలకి జరిపితే చాలు. చిక్కుడు కూడా అంతే, మన పెరటి పాదు చిక్కుడు శ్రావణంలో ఎంత బలిసినా ఒక్క కాయ ఇవ్వదు, ఈ చలి తగిలాక గెలలు గెలలు. రథసప్తమికి చిక్కుడుకాయలతో రథం కట్టి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టడం ఊరికే రాలేదు, అప్పుడు ఇంటింటా ఉండేది అదే. గోంగూర మాత్రం పూత కొచ్చేస్తుంది, ఆకు ముదిరి గట్టిపడుతుంది, దాని మీద ఆశ వదులుకుని గింజ కట్టుకోండి.

కొత్తగా వేసుకోవాలంటే కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి, క్యాబేజీ. కొత్తిమీర మనకి సరిగ్గా వచ్చేది ఈ మూణ్ణెల్లే, ధనియాలు చెప్పుకింద వేసి రెండు బద్దలుగా చేసి చల్లండి. తులసి క్షీరాబ్ది ద్వాదశి వెళ్ళాక కంకులేసి బోసిపోతుంది, కంకులు తుంచుతూ ఉంటే నిలబడుతుంది.

పెరట్లో మామిడి ఉందన్నారు. దానికి ఒక్క చుక్క నీళ్ళు కూడా వద్దు ఇప్పుడు. వేరు పొడిగా ఉండి, రాత్రి చలి తగిలితేనే పూత, నీళ్ళు పోశారంటే ఎర్రటి చిగురేసి కూర్చుంటుంది. పిందె బఠాణీ గింజంత అయ్యాక మొదలుపెట్టండి. పూతమీద ఆ తేనెమంచు పురుగు వస్తుంది, చెట్టు కిందకి వెళ్తే చిటచిటమని వానలా తగుల్తుంది, ఆకులు జిగురుగా నల్లగా అయితే అదే. పూత విచ్చుకోకముందే వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, కొంచెం సబ్బునీళ్ళు కలిపి కొట్టండి. పువ్వు విచ్చుకున్నాక మాత్రం ఏ మందూ ముట్టకండి, తేనెటీగలు పోతాయి, కాయ పోతుంది.

అసలు ఈ కాలంలో మనం భయపడాల్సింది ఏదైనా ఉంటే అది తుపానే. 1996 నవంబరు 6న కోనసీమలో కొబ్బరితోటలు ఏమయ్యాయో చూసినవాణ్ణి, చెట్టు తలలు తిరగేసి నేలకి కొట్టినట్టు పడ్డాయి. డిసెంబరు దాకా ఆ గండం ఉంది కాబట్టి వాయుగుండం అని వినగానే గ్రీన్ నెట్ విప్పెయ్యండి, అది తెరచాపలా గాలిని పట్టుకుని గొట్టాలతో సహా లేపేస్తుంది. పిట్టగోడ మీద కుండీలు కిందకి దించండి. పాదుల్ని కాపాడలేం, వదిలెయ్యండి.

మీ చెల్లెలికి కూడా ఈ మాటలు చెప్పండి. నేల మీదున్న గోంగూర ఫ్రాస్ట్ వచ్చే ముందురోజు మొదలంటా కోసి పచ్చడి చేసేసుకోమనండి, దాన్ని దుప్పటితో నాలుగు రోజులు లాగొచ్చు కానీ చలికాలం దాటించలేం. కరివేపాకు, మల్లె కుండీల్లో ఉంటే గడ్డకట్టేదాకా ఆగకూడదు, రాత్రి 10 డిగ్రీలకి, అంటే వాళ్ళ లెక్కలో 50కి, దిగుతోందనగానే లోపలికి తెచ్చి దక్షిణం కిటికీ దగ్గర పెట్టాలి. లోపల ఆకు రాల్చేస్తుంది, ఏడవక్కర్లేదు, కొమ్మ గోటితో గీకితే లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. హీటరు గాలికి ఎర్రనల్లి పడుతుంది, వారానికోసారి ఆకులు రెండు పక్కలా తుడవాలి. బయట ఉండిపోయి మాడిన కొమ్మల్ని వెంటనే కొయ్యొద్దు, వసంతంలో ఎక్కడినుంచి చిగురొస్తుందో చూసి కొయ్యాలి, మాడిన కొమ్మలే కిందదానికి అప్పటిదాకా గొడుగు.

మాఘంలో మాకులు కూడా వణుకుతాయంటారు గానీ మన ఊళ్ళో ఆ చలి రథసప్తమికల్లా సర్దుకుంటుందండి. ఆ పట్టా కడిగి ఆరబెట్టి దాచండి, మాఘంలో ఎండలు ముదిరాక వడియాలు పెట్టుకోడానికి కావాలి. రేపు పొద్దున్న ఏడింటికి, మంచు ఆరకముందు, బీర ఆకు తిరగేసి అడుగువైపు ఒక ఫోటో తీసి పెట్టండి, నూగు ఉందో లేదో చూసి చెప్తాను.